పంజరం తలుపు తీస్తే పుణ్యం రాదు

బాబ్లీ అంటే మనకు గేట్లే గుర్తొస్తాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జులై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబరు 28 దాకా దించొద్దు, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. అంతా తారీఖుల వారీగా రాసి ఉంది. గేట్లెత్తే రోజు కేంద్ర జలసంఘం, తెలంగాణ, మహారాష్ట్ర అధికారులు ముగ్గురూ ఒకచోట నిలబడతారు. నీళ్ల విషయంలో ఇంత పట్టింపు ఉన్న ఈ సరిహద్దులో, 'ఈ చిలకను ఇక సాకలేం, ఎవరికి అప్పజెప్పాలి?' అని అడిగి చూడండి. ఎటు పోవాలో ఊళ్లో చెప్పేవాళ్లు దొరకరు.

ఇదేం పెద్ద సంగతని కొట్టిపారేయకండి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన తెలుగిళ్లలోనూ, గోదావరి దిగువన బాసర వైపూ వసారాలో పంజరం వేలాడటం కొత్తేం కాదు. మరాఠీ వాళ్లు పోపట్ అంటారు, ఉర్దూవాళ్లు మిఠ్ఠూ అంటారు, మనం రామచిలక అంటాం. పేరులో రాముణ్ని పెట్టుకున్నాక దాన్ని ఇంట్లో ఉంచుకోవడం తప్పని ఎవరికి తోస్తుంది? 'కుక్కను పెంచుకోవట్లేదా, ఇదీ అంతే కదా' అంటారు.

అంతే కాదు. మన దేశంలో పుట్టిన చిలకలన్నీ వన్యప్రాణుల కిందికే వస్తాయి. దేశవాళీ పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే నిషేధించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రామచిలక షెడ్యూలు 2లో చేరింది. అమ్మినా కొన్నా పంజరంలో పెట్టినా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చిలక జోస్యం చెప్పేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అయినా హైదరాబాద్ ముర్గీచౌక్ నుంచి సంతల దాకా బేరాలు ఆగలేదు. మన దేశపు చిలక జాతులు పన్నెండైతే, అందులో ఎనిమిది దాకా దొంగ వ్యాపారంలో తరచూ కనబడుతున్నాయని ట్రాఫిక్ అనే సంస్థ లెక్క చెప్పింది. రెక్క మీద ఎర్ర మచ్చతో పెద్దగా ఉండే చిలకను 'పహాడీ' అని ఎక్కువ రేటుకి అమ్ముతారు.

కొనేటప్పుడు అది పిల్ల. మర్రి తొర్రలోంచో, చింత తొర్రలోంచో రెక్కలు రాకముందే తీసుకొచ్చింది. వేలు మీద కూర్చుంటుంది, చేతిలో తింటుంది. మగదైతే మెడలో గులాబీ గీత పడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. సరిగ్గా ఆ వయసుకే దాని గుణం మారుతుంది. కరుస్తుంది. పొద్దున్నే అరుపులు మొదలెడుతుంది. జత కోసం, గుంపు కోసం అది పడే ఆరాటం మనకు గోలలా వినబడుతుంది. దానికి తోడు పిల్లాడి పరీక్షలు, అద్దింటి ఓనరు గొణుగుడు, కొత్త కోడలికి పడదు, ఊరికి పోతే ఎవరు చూస్తారు? ముచ్చటపడి తెచ్చుకున్నది అక్కడ్నుంచి బరువవుతుంది. దాని ఆయుష్షు మాత్రం పాతికేళ్లు. సాకిన అవ్వ కన్ను మూసినా చిలక ఇంకా బతికే ఉంటుంది.

అప్పుడు మనవాళ్లు చేసే పని ఒకటుంది. మంచి రోజు చూసి, గుడి దగ్గరో చెరువు గట్టునో పంజరం తలుపు తీసి వదిలేస్తారు. దండం కూడా పెడతారు. చూసేవాళ్లు మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. దాని రెక్క చూడండి. ఎగిరిపోకుండా ఈకలు కత్తిరించి ఉంటారు. కత్తిరించిన ఈక మళ్లీ పెరగదు. అది రాలిపోయి దాని చోట కొత్తది రావాలి. మొత్తం రెక్క నిండటానికి ఏడాది కూడా పట్టొచ్చు. రెక్క నిండుగా ఉన్నా ఏళ్ల తరబడి ఎగరని పక్షికి ఛాతీ కండలో బలం ఉండదు. పది గజాలు ఎగిరి కూలబడుతుంది. కాకులు చుట్టుముడతాయి, పిల్లి కాచుకునే ఉంటుంది. డేగను చూస్తే దాక్కోవాలని దానికి నేర్పిన తల్లి లేదు. జొన్న కంకి ఎలా వొలుచుకోవాలో తెలీదు, తెలిసిందల్లా గిన్నెలో పోసిన గింజ. ఆకలేస్తే మనిషి దగ్గరికే వస్తుంది, మనం నేర్పిన నాలుగు పలుకులు పలుకుతుంది. విన్నవాడు దాన్ని పట్టి మళ్లీ పంజరంలో వేస్తాడు. అంతకన్నా అదృష్టం దానికి ఉండకపోవచ్చు.

విడిచిపెట్టడం ఒక్క రోజు పని కాదు. మొదట విడిగా ఉంచి జబ్బులు చూడాలి. సిట్టకోసిస్ లాంటివి చిలక నుంచి మనిషికీ అంటుతాయి. రొట్టెముక్క, చాయ్‌లో ముంచిన బిస్కెట్, పొద్దుతిరుగుడు గింజలు తిని తిని కాలేయంలో కొవ్వు పట్టి, ఎ విటమిను కరువై వచ్చినవే ఎక్కువ. కొన్ని దిగులుతో తమ ఈకలు తామే పీక్కుంటాయి. వాటిని పళ్లకు, కాయలకు, పచ్చి కంకులకు అలవాటు చేయాలి. తర్వాత పెద్ద జాలీ గదిలో తన జాతి పక్షులతో కలపాలి. మనిషి వీలైనంత తక్కువ కనబడాలి. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆయాసం లేకుండా ఎగిరితే అప్పుడు, చిలకలు తిరిగే చోటే గుంపుగా వదిలి, కొన్నాళ్లు బయట కూడా మేత పెట్టాలి. ఇన్ని చేసినా కొన్ని ఎగరలేవు. వాటికి చచ్చేదాకా అక్కడే చోటివ్వాలి. నాగపూర్‌లో అటవీశాఖ చికిత్సా కేంద్రం, పుణెలో రెస్క్యూ ట్రస్టు కేంద్రం ఉన్నాయి. నాగపూర్ నాందేడ్ నుంచే మూడొందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. ధర్మాబాద్ నుంచి హైదరాబాద్ రెండొందలు. ఎంత దయ ఉన్నవాడైనా ఒక చిలక కోసం అంత దూరం పోతాడా?

పోదామన్నా చట్టం అడ్డం. అనుమతి ఉందో లేదో చూసుకోకుండా వన్యప్రాణిని రవాణాకు తీసుకోకూడదని 48ఎ సెక్షన్ చెబుతోంది. సంచిలో పంజరం పెట్టుకుని ప్యాసింజరు రైలెక్కి బాసర బ్రిడ్జి దాటే మనిషి, మంచి చేయబోయి దొరికిపోవచ్చు.

అసలు భయం అది కాదు, కేసు. వన్యప్రాణి సర్కారు ఆస్తి, చేతికొచ్చిన 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలియజేయాలి, అడిగితే అప్పజెప్పాలన్నది 39వ సెక్షన్. ఎనిమిదేళ్లుగా సాకుతున్నవాడు 48 గంటల లెక్క ఎక్కడ్నుంచి తెస్తాడు? 2022 సవరణలో స్వచ్ఛందంగా అప్పగించే వీలు పెట్టారు, కానీ అది ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. దేశవాళీ చిలక పెంచేవాడి దగ్గర ఆ కాగితం ఎందుకుంటుంది? ఇదే సర్కారు 2020 జూన్‌లో విదేశీ పక్షులు, జంతువులు ఉన్నవాళ్లకు ఆరు నెలలు గడువిచ్చింది. కాగితాలు లేకపోయినా పర్లేదు, చెప్పేయండి చాలంది. లక్షలు పోసి మకావ్ కొన్న దొరకు దొరికిన దయ, వసారాలో చిలకను సాకిన అవ్వకు దొరకలేదు.

అలాగని చిలకల్ని పెంచుకోనివ్వమని నేనడగను. అలా ఒప్పుకుంటే తొర్రలు ఖాళీ చేసేవాడికి మనమే లైసెన్సు ఇచ్చినట్టు. నేనడిగేది అప్పగించేవాడి మీద కేసు పెట్టకుండా కొన్ని నెలల గడువు. అమ్మేవాడికి కాదు, గంపెడు పిల్లలతో దొరికినవాడికి కాదు. ఇంట్లో ఒకటో రెండో ఉండి, తనంతట తానే తెచ్చిచ్చినవాడికి. ఎగరడం పక్షుల హక్కని గుజరాత్ హైకోర్టు 2011లో, ఢిల్లీ హైకోర్టు 2015లో అన్నాయి. ఆ హక్కు పంజరం దాకా రావాలంటే పంజరం ఉన్నవాడు భయపడకుండా బయటికి రావాలి.

రెండోది, సరిహద్దులో ఒక చోటు. నాందేడ్, నిర్మల్, నిజామాబాద్ అటవీ అధికారులు కలిసి కూర్చుంటే ఏ ఒడ్డున దొరికిన పక్షినైనా తీసుకునే జాలీ షెడ్డు ఒకటి కట్టొచ్చు. వెటర్నరీ డాక్టరు వారానికి రెండుసార్లు వస్తే మొదలుపెట్టడానికి చాలు. 'మాకు పులులే తలనొప్పి, చిలకలా?' అంటారు. నిజమే. కానీ టిపేశ్వర్ పులి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్‌లోకి వచ్చినప్పుడు రెండు వైపుల వాళ్లూ మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా. చిలకకు ఆ ఫోను ఎందుకు మోగదు?

ఇంకో మాట. మన టౌన్లలో 'లవ్ బర్డ్స్' అని అమ్మేవి చాలావరకు బడ్జీలు, ఆస్ట్రేలియావి. ఇవి, కాకటీల్స్ పెంచుకోవడం నేరం కాదు. కాబట్టి వద్దనుకుంటే చూసుకోగలిగిన ఇంకో ఇంటికి ఇచ్చేయొచ్చు. కానీ ఇచ్చేముందు ఆ ఇంట్లో పిల్లి ఉందా, పంజరం ఎంతుంది, ఒంటరిగా ఉంచుతారా, అన్నీ అడగండి. సిగ్గుపడాల్సిందేం లేదు, పిల్లనిచ్చేటప్పుడు అడగమా? వీటిని బయట వదలడమంటే చంపడమే. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటివైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, చేతులు మారినా చెప్పాలి. రామచిలకను మాత్రం పక్కింటికి ఇవ్వడం కూడా చట్టం ఒప్పుకోదు.

ఆ షెడ్డు వచ్చేదాకా మీ ఇంట్లో చిలక ఉంటే తలుపు తీయకండి. ఇక రెక్కలు కత్తిరించకండి. జామకాయ, క్యారెట్, ఆకుకూర, పచ్చి జొన్న కంకి మెల్లగా అలవాటు చేయండి. చాయ్, చాక్లెట్, అవకాడో పెట్టొద్దు. మహారాష్ట్ర వైపు ఉన్నవాళ్లు అటవీశాఖ హెల్ప్‌లైన్ 1926కు ఫోన్ చేయండి. తెలంగాణ వైపువాళ్లు దగ్గర్లోని రేంజ్ ఆఫీసుకు చెప్పండి. ఒక్కరే పోవడానికి జంకు ఉంటే ఊళ్లో టీచర్నో సర్పంచినో వెంటబెట్టుకుని పోండి. పక్షిని అప్పజెప్పాక ఒక రసీదు అడిగి తీసుకోండి.