సూదంటురాయి చిన్నదైతేనే భయం

ఇటీవల ఒక ఉదయం ఎల్లారెడ్డి వైపు నుండి ఒక పెద్దాయన రక్తపోటు చూపించుకొనేందుకు కామారెడ్డిలోని మా ఇంటికి వచ్చారు. వెంట తొమ్మిదో తరగతి చదివే మనుమడు ఉన్నాడు. తాత చేతికి నేను పట్టీ చుట్టుతుండగా ఆ కుర్రవాడు కాసేపు తటపటాయించి, “సార్, గట్టి అయస్కాంతాలు సస్తాల ఏడ దొరుకుతయి?” అని అడిగాడు. “గివేనా డాక్టరు సారును అడిగేటివి?” అని తాత కసిరారు.

ఇన్‌స్పైర్ మనక్ పోటీకి పంపేందుకు చేతితో తిప్పితే దీపం వెలిగే చిన్న జనరేటరు చేస్తున్నాడట. ఫోనులో తాను కొనదలచిన సరుకు చూపించాడు. మిరియపు గింజంత గుండ్రని అయస్కాంతపు గోళీలు, ఒక డబ్బీలో 216. ధర తక్కువ, బలం ఎక్కువ. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాను. రెండేళ్ల చెల్లెలు ఉందన్నాడు. తాతగారు ఏమనుకున్నా సరే, అది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నే.

రెండేళ్ల క్రితం ఇదే వరండాలోకి బీడీలు చుట్టే ఒక తల్లి తన మూడేళ్ల కూతురిని ఎత్తుకొని వచ్చింది. వాంతులు, కడుపునొప్పి. జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది. ఊరంతా వాంతులు, విరేచనాలతో అల్లాడుతున్న ఎండాకాలమది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతుల మందు ఇచ్చి పంపాను. మూడవ నాడు మళ్లీ తెచ్చారు. ఆ పిల్ల మోకాళ్లు పొట్టకు ముడుచుకొని కదలకుండా పడుకొని ఉంది, ఏడవడం కూడా మానేసింది. పొట్ట చెక్కలా బిగిసిపోయింది. ఎక్స్‌రేలో పూసలు గుచ్చినట్లు ఐదు గుండ్రని చుక్కలు కనిపించాయి. అవి అన్నగారి ఆటవస్తువు. “ఆకు కోసే కత్తెరకు అంటుకొని ఉంటుండె సారూ, రోజూ పీకి పక్కకు పారేస్తుంటి” అన్నది తల్లి. హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. పేగుకు మూడు చోట్ల రంధ్రాలు పడ్డాయి, కొంత పేగు కోసివేయవలసి వచ్చింది. పిల్ల బ్రతికింది. మొదటి రోజున “ఇంట్లో అయస్కాంతాలేమైనా ఉన్నాయా?” అన్న ఒక్క ప్రశ్న నేను అడగలేదు. దశాబ్దాల సర్కారు కొలువులో ఎన్నో వేల పొట్టలు తడిమి చూసిన చేతులివి. అయినా తప్పు తప్పే.

మా చిన్ననాటి సూదంటురాయికి ఇంత శక్తి లేదు. 1980ల తొలినాళ్లలో జపానులో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన అయస్కాంతాన్ని రూపొందించారు. స్పీకర్లలో ఉండే నల్లని ఫెర్రైటు రాయితో పోలిస్తే అదే పరిమాణంలో దీని శక్తి దాదాపు పదింతలు. ఈ మేలైన ఆవిష్కరణ వల్లనే కంప్యూటరు హార్డ్ డిస్కులు, విద్యుత్ వాహనాల మోటార్లు అంత చిన్నవి కాగలిగాయి. అయితే అదే శక్తిని మిరియపు గింజలో కుదించి పసిబిడ్డ పాకే నేల మీద వదలినప్పుడు సంగతి మారుతుంది.

పిల్లలు మింగిన గోలీ, నాణెం వంటివి కడుపు దాటితే చాలావరకు మలంలో పోతాయి. ఒకే ఒక్క అయస్కాంతం కూడా సాధారణంగా అలాగే పోతుంది. రెండు మింగినప్పుడు, లేదా ఒకదానితో పాటు చిన్న ఇనుప ముక్క కడుపులోకి వెళ్లినప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. ఒకటి పేగులో ఒక మడతలో, మరొకటి పక్క మడతలో ఉండి, మధ్యనున్న పేగు గోడలను పట్టుకారులా నొక్కిపట్టుతాయి. నొక్కుకున్న చోటికి రక్తం అందదు. కణజాలం చచ్చి రంధ్రం పడుతుంది, మలినం ఉదరకుహరంలోకి కారుతుంది. కొన్నిసార్లు పేగు మెలిపడుతుంది. ఇదంతా లోపల జరుగుతున్నా మొదట్లో పైకి కనిపించేది మామూలు కడుపునొప్పే.

కాబట్టి మింగిందని అనుమానం కలిగితే చాలు, నొప్పి కోసం ఎదురుచూడవద్దు. అరటిపండో అన్నం ముద్దో తినిపించి కిందికి నెట్టాలని చూడవద్దు, వాంతి చేయించవద్దు, బయటి నుండి మరో అయస్కాంతం పొట్టపై పెట్టి లాగాలని అసలే చూడవద్దు. నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోను చేసి, పిల్లల శస్త్రచికిత్స, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి చేరండి. జీర్ణాశయంలో ఉండగానే చేరితే చాలాసార్లు కోత లేకుండా గొట్టంతోనే తీసివేయవచ్చు. ఎక్స్‌రేలో అతుక్కున్న రెండు ఒక్కటిగా కనిపించవచ్చు, అందుకే పక్క నుండి కూడా తీయమని అడగండి. ఎంఆర్‌ఐ మాత్రం కూడదు.

“మరి నా ప్రాజెక్టు?” అన్నాడు కుర్రవాడు. వద్దని చెప్పి పంపడం సులువే. కాని చేతులతో ఏదో చేయాలనుకునే పిల్లవాణ్ణి నిరుత్సాహపరచడం నాకు ఇష్టం లేదు. వాడికి కావలసినది బలమైన అయస్కాంతం, అంతే తప్ప చిన్నది కాదు. జనరేటరులో పుట్టే విద్యుత్తు అయస్కాంతపు బలం మీదనే గాక, తీగ చుట్ల సంఖ్య మీద, తిప్పే వేగం మీద కూడా ఆధారపడుతుంది. రాయి బలం సగమైతే చుట్లు రెట్టింపు చేస్తే సరిపోతుంది. తీగ ఎవరి పేగునూ కోయదు.

పాత సామాన్ల దుకాణంలో పాడైన పెద్ద స్పీకరు అడగమన్నాను. దాని వెనుక అరచేతిలో నిండే ఫెర్రైటు ఉంగరం ఉంటుంది, పసిపిల్లల నోట పట్టదు. సుత్తితో కొడితే పింగాణీలా పగిలి పెంకులు కంటిలో పడతాయి కనుక, పెద్దవారెవరైనా కళ్లద్దాలు పెట్టుకొని ఇనుప పళ్లేలను నెమ్మదిగా ఊడదీయాలి. పాత సైకిలు డైనమోలోనూ మంచి అయస్కాంతం దొరుకుతుంది. సీలింగు ఫ్యాను, మిక్సీ, బోరు మోటారు విప్పి శ్రమపడవద్దు. సాధారణ ఫ్యానులో, బోరు మోటారులో ఇండక్షన్ పద్ధతి, మిక్సీలో తీగ చుట్లే అయస్కాంతంగా పనిచేస్తాయి, రాయి ఉండదు. మైక్రోవేవ్ ఓవెను జోలికి పోనే పోవద్దు, ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటరు ప్రాణం తీయగలదు. నియోడిమియమే కావాలంటే పాడైన హార్డ్ డిస్కులో ఉక్కు పలకకు అతికి ఉన్న వంపు ముక్కను పలకతో సహా వాడుకోవచ్చు. కొత్తది కొనదలిస్తే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. అక్కడ పెద్ద బిళ్ల ఒక్కటి తీసుకోండి, గోళీల డబ్బీ వద్దు. గుండెలో పేస్‌మేకరు ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే వారి ఛాతీకి కనీసం అర అడుగు దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో వేసుకొని ఒళ్లో కూర్చోరాదు.

న్యూజిలాండ్ ఈ గోళీలను 2013లోనే నిషేధించింది. అమెరికాలో పెట్టిన నిబంధనను 2016లో న్యాయస్థానం కొట్టివేయగా, 2022లో మళ్లీ తెచ్చారు. మింగగలిగినంత చిన్న అయస్కాంతం బలహీనంగా ఉండాలన్నది దాని సారం. మన దేశంలో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. అయితే ఈ డబ్బీల మీద “పెద్దల మానసిక ఒత్తిడి తగ్గించుటకు” అని వ్రాసి ఉంటుంది! బొమ్మ కాదన్నారు గనుక ముద్ర అడిగేవారు లేరు. ఈ సందును మూసివేయాలని నా గట్టి అభిప్రాయం. అలాగే ప్రాజెక్టులు చేయమని ఒత్తిడి చేసే బడులు నాలుగు పెద్ద అయస్కాంతాలు బీరువాలో ఉంచి పిల్లలకు అరువు ఇవ్వలేవా?

పది రోజుల తరువాత కుర్రవాడు ఒక్కడే బస్సు ఎక్కి వచ్చాడు. స్పీకరు ఉంగరం దొరికిందట, అట్టపెట్టెకు తీగ కూడా చుట్టాడు, కాని ఎల్‌ఈడీ వెలగడం లేదు. చూస్తే ఉంగరాన్ని బండిచక్రంలా ఇరుసు మీద తిప్పుతున్నాడు. అలా ఎంత తిప్పినా లాభం లేదు, నాణెం పల్టీలు కొట్టినట్లు అడ్డంగా తిరగాలి. మేమిద్దరం మధ్యాహ్నం వరకు కూర్చొని పుల్లను మార్చి కట్టాం, ఇంకో మూడు వందల చుట్లు చుట్టాం. మసక మసకగా వెలిగింది. మిగిలిన తీగ ఉండ నా దగ్గరే ఉంది, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.