మరిది జాబితా, నా క్యాసెట్ల పెట్టె

మొన్న సంక్రాంతికి మా మరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. వంటింటి అటక మీదున్న నా క్యాసెట్ల పెట్టె కిందికి దింపి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, "వదినా, ఇవన్నీ మీకెందుకు? నాకియ్యుండ్రి, మంచిగ చూసుకుంట. ఈడ ఖరాబైతున్నయ్" అన్నాడు. పక్కనే సకినాలు తింటున్న మా ఆయన "తీస్కపో" అనేశాడు. పెట్టె నాది, దానం ఆయనది!

ఇవ్వలేదు లెండి. అప్పటికి నవ్వి ఊరుకున్నాను కానీ ఆ తర్వాత వారానికి ఫ్యామిలీ గ్రూపులో మరిది ఒక జాబితా పెట్టాడు. ప్రోగ్రెసివ్ రాక్, జాజ్ ఫ్యూజన్‌లో ఎప్పటికీ గొప్పవైన ఇరవై ఐదు ఆల్బమ్‌లట. అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకో అక్కడ రాస్తే వదినకు కోపమొచ్చిందని తేల్చేస్తారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో కొన్ని రాక్ బ్యాండ్లు మూడు నిమిషాల పాట చాలదని పావుగంట, ఇరవై నిమిషాల పాటలు కట్టాయి. అది ప్రోగ్రెసివ్ రాక్. ఇంచుమించు అదే కాలంలో జాజ్ వాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లు, రాక్ డ్రమ్ములు కలుపుకున్నారు. అది ఫ్యూజన్.

గోదావరిఖనిలో నాకు ఇవెక్కడివంటారా? మా మేనమామ దుబాయ్‌లో ఫ్లాట్లు ఊడ్చే పని చేసేవాడు. ఖాళీ చేసి వెళ్లేవాళ్లు పారేసిన క్యాసెట్లు అట్టపెట్టెలో వేసుకుని 1993లో సెలవుకొచ్చినప్పుడు తెచ్చాడు. హిందీవి పెద్దవాళ్లు తీసుకున్నారు. ఇంగ్లీషువి ఎవరికీ అక్కర్లేక పదమూడేళ్ల నాకొచ్చాయి. నాన్నది బాయి పని. నైట్ షిఫ్ట్ చేసి వస్తే పగలంతా పడుకోవాలి, ఇంట్లో చెంచా కింద పడినా ఊరుకునేవాడు కాదు. అందుకని సౌండు ఒకటి మీద పెట్టి, టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి వినేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఇంకో క్వార్టర్, అవే షిఫ్టులు, అదే నిద్ర. మరిది గదిలో నాలుగు స్పీకర్లున్నాయి. వాటిలో వినిపించేవన్నీ నాకు వినిపించలేదేమో. కానీ చెవికి అంత దగ్గరగా ఉన్నప్పుడు వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.

ఖరాబట! మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే మా అలమారలో గిన్నెలు గలగలమంటాయి. బొగ్గు దుమ్ము పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది. అలాంటి చోట ముప్పై ఏళ్లకు పైగా దూదీ స్పిరిట్‌తో హెడ్ తుడుచుకుంటూ, చుట్టుకుపోయిన టేపును పెన్సిల్‌తో తిప్పుకుంటూ కాపాడుకొచ్చాను. కాపాడటం అంటే ఏమిటో నాకు నేర్పిస్తాడా?

ఇక జాబితా సంగతి. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 నాటి డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌లో మనీ అనే పాట గురించి మరిది ప్రత్యేకంగా రాశాడు. అది ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుందనీ, మామూలు చెవికి అందదనీ. మామూలు చెవి అంటే మనదే. నేను బీఏ తెలుగు చదివాను నాయనా. గురజాడ ముత్యాలసరం నడక ఏడు మాత్రలే, మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. పరీక్షలో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు పప్పు రుబ్బుతున్నాను, చెయ్యి దానంతటదే ఆ లెక్కలో పడింది. బతుకమ్మ చుట్టూ గంటసేపు ఒక్క చప్పట్టూ తప్పకుండా తిరిగే ఆడవాళ్లకు తాళం అందదని చెప్పడానికి ధైర్యం కావాలి.

పొడుగు పాటలకు ఓపిక కావాలని ఇంకో మాట. జెథ్రో టల్ వాళ్ల థిక్ యాజ్ ఎ బ్రిక్, 1972లో వచ్చింది, రెండు వైపులా కలిపి ఒకటే పాట. నాకిష్టమే. కానీ ఓపిక గురించి కరీంనగర్ జిల్లా వాళ్లకు చెప్పొద్దు. ఒగ్గు కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. పాట, మాట, డోలు, నవ్వు, ఏడుపు, మళ్లీ పాట. హన్మాజీపేట మిద్దె రాములు పేరు చెబితే మా నాయనమ్మ చాప చంకన పెట్టుకుని బయల్దేరేది. ఆమెకు థిక్ యాజ్ ఎ బ్రిక్ వినిపిస్తే, కథ అప్పుడే అయిపోయిందా అనేది.

ఇప్పుడు అసలు తగువు. జాబితాలో మొదటి స్థానం మహావిష్ణు ఆర్కెస్ట్రా వాళ్ల బర్డ్స్ ఆఫ్ ఫైర్, 1973. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ వేగం చూడండంటాడు మరిది. చూశాను. పెళ్లింట్లో వియ్యాలవారంతా ఒకేసారి మాట్లాడినట్టుంటుంది. గొప్పగా మాట్లాడతారు, కాదనను. కానీ అదే మెక్‌లాఫ్లిన్ ఆ హోరంతా పక్కన పెట్టి, కింద కూర్చుని చేసిన శక్తి అనే ఆల్బమ్‌ను మరిది ఇరవై ఒకటో స్థానంలో పెట్టాడు! 1975 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కాలేజీలో జరిగిన కచేరీ అది, ఆల్బమ్‌గా 1976లో వచ్చింది. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, ఆర్. రాఘవన్ మృదంగం, విక్కు వినాయక్‌రామ్ ఘటం. డ్రమ్ సెట్ లేదు, కీబోర్డు లేదు. జాయ్ అనే మొదటి పాట పద్దెనిమిది నిమిషాలు, మహావిష్ణుకు ఏమాత్రం తగ్గని వేగం. తేడా అల్లా ఒకడు వాయిస్తుంటే మిగతావాళ్లు వింటున్నారన్నది మనకు వినిపించడం. నాకు మొదటి స్థానం అదే. జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో పోయినప్పుడు మరిది మూడు రోజులు స్టేటస్ పెట్టాడు. స్టేటస్‌లో మొదటివాడు, జాబితాలో ఇరవై ఒకటోవాడు.

సరే, అదైనా ఉంది. మన పాలకొల్లు పిల్లవాడు అసలే లేడు. మాండలిన్ శ్రీనివాస్ తొంభైల చివర్లో ఇదే మెక్‌లాఫ్లిన్, ఇదే జాకిర్ పక్కన రిమెంబర్ శక్తిలో కూర్చుని వాయించాడు. ద బిలీవర్, శాటర్డే నైట్ ఇన్ బాంబే వినండి. అంతకుముందే 1995లో మైకేల్ బ్రూక్‌తో డ్రీమ్ చేశాడు. పాశ్చాత్యుల మాండలిన్‌కు జంట తీగలుంటాయి, గమకం పలకదు. ఈయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, ఒంటి తీగల మీద త్యాగరాజును పలికించాడు. నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడితే పిల్లవాడు వాయించేవాడు. 2014లో నలభై అయిదేళ్లకే పోయాడు. లండన్ బ్యాండ్లలో డ్రమ్మర్లు ఎప్పుడెప్పుడు మారారో నోటికి చెప్పే మరిదికి ఈయన ఎందుకు గుర్తు రాలేదు? అడిగాను. "ఆయన కర్ణాటక సంగీతం కద వదినా" అన్నాడు. విదేశీయుడు మన రాగం పట్టుకుంటే ఫ్యూజన్, మనవాడు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటే కర్ణాటకం.

జాబితా మొత్తంలో ఒక్క ఆడపేరు లేదు. ఆలిస్ కోల్ట్రేన్ ఏదయ్యా అంటే, "ఆమె జాన్ కోల్ట్రేన్ భార్య" అని జవాబు. అవును, భార్యే. 1967లో భర్త పోతే నలుగురు పిల్లలను పెంచుకుంటూ, న్యూయార్క్ దగ్గర డిక్స్ హిల్స్‌లోని సొంత ఇంట్లోనే స్టూడియోలో రికార్డింగులు చేసింది. 1971లో జర్నీ ఇన్ సచ్చిదానంద వచ్చింది. తంబురా శ్రుతి మీద ఆమె హార్ప్ జలజలా పారుతుంటుంది. ఫ్యూజన్ అంటే కలపడమే అయితే అంతకన్నా ఏం కలపాలి? ఆ ఆల్బమ్ నా పెట్టెలో లేదు, మా అమ్మాయి ఫోన్‌లో వినిపించింది. ఇంట్లో చేసిన రికార్డింగులని తెలిశాక మాత్రం నాకు ముందుగా తట్టింది సంగీతం కాదు. పిల్లలకు ఆ పూట అన్నం ఎవరు పెట్టారా అని. మరిదికి ఈ ప్రశ్న ఎన్నడూ వచ్చి ఉండదు. అతను రికార్డులు వింటున్నంతసేపూ మా తోటికోడలు తలుపు బయటే టీ పెట్టి వస్తుంది.

నా పెట్టెలో నేను డబ్బు పెట్టి కొన్న మొదటి క్యాసెట్ ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్. 1986 నాటిది, నేను కొన్నది డిగ్రీ చదివేటప్పుడు కరీంనగర్‌లో, బస్సు డబ్బులు మిగిల్చి. త్యాగరాజుకూ బాక్‌కూ అంకితమిచ్చాడు. అందులో ఒక రచన పేరుకు అర్థం, బాక్‌ను మా ఇంట్లో కలిశాను అని. మరిది జాబితాలో అదీ లేదు, సినిమా వాళ్లదట.

నిన్న మరిది మళ్లీ ఫోన్ చేశాడు. శక్తి క్యాసెట్ ఒక్కటైనా ఇమ్మంటాడు, ఇప్పుడు దొరకడం లేదట. వచ్చి వినమన్నాను. మా ఆయనకు వచ్చే వారం నైట్ షిఫ్ట్, పగలు సౌండు ఒకటి మీదే పెట్టాలి. మినప్పప్పు నానబోసి ఉంచుతాను, వింటూ రుబ్బొచ్చు.