కూలి ఎగ్గొట్టడమూ పాపమే

క్రైస్తవ విశ్వాసం, సోషలిస్టు రాజకీయం ఒకే ఒరలో ఇమడని కత్తులని చాలామంది నమ్ముతారు. చరిత్ర అలా చెప్పదు. తొలి క్రైస్తవులు పొలాలు, ఇళ్లు అమ్మి, ఆ సొమ్మును ఎవరి అవసరాన్ని బట్టి వారికి పంచారని బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు చెబుతోంది. చేను కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ మొర దేవుడి చెవిన పడుతుందని బైబిల్‌లోనే ఉన్న యాకోబు పత్రిక ధనికులను హెచ్చరించింది. బ్రిటన్‌లో లేబర్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరైన కీర్ హార్డీ పదేళ్లకే బొగ్గుగనిలో పనికి కుదిరినవాడు. తన సోషలిజానికి క్రీస్తు బోధే ప్రేరణ అని చాటాడు. పెరూ దేశపు ఫాదర్ గుస్తావో గుతియెరెజ్ 1971లో విమోచన వేదాంతంపై రాసిన గ్రంథం పేదరికాన్ని విధిరాతగా కాక, మనుషులు చేసిన అన్యాయంగా చూపింది.

మార్క్స్ మతాన్ని మత్తుమందు అన్నాడు, సోవియట్ పాలకులు చర్చిలు మూయించారు కదా అన్నది గట్టి అభ్యంతరమే. ఆ అణచివేతను ఏ విశ్వాసీ సమర్థించకూడదు. మార్క్సిస్టు భావాలను విచక్షణ లేకుండా అరువు తెచ్చుకోవద్దని 1984లో వాటికన్ కూడా ఒక పత్రంలో హెచ్చరించింది. పేదల పక్షాన నిలిచేవారిని నిరుత్సాహపరచడం తన ఉద్దేశం కాదనీ అదే పత్రంలో చెప్పింది. శ్రమ ఫలం శ్రమించినవాడికే దక్కాలని కోరడానికి దేవుణ్ని కాదనాల్సిన పనిలేదు. దానధర్మాలు చాలవా అంటారా? దానం ఒక పూట ఆకలి తీరుస్తుంది. ఆ ఆకలికి మూలమైన తక్కువ కూలిని మార్చదు. ఆదివారం ప్రార్థనలో జోడించిన చేతులు సోమవారం కూలీల పక్షాన పైకి లేవాలి.