మొద్దులు కారు

తెలివిగల బాలుడే అక్షరములను తారుమారు చేసి చదువుచుండ వానిని మొద్దని నిందించు అలవాటు మన బడులలో నేటికిని అంతరింపలేదు. ఇది బుద్ధిమాంద్యము గాదు. పఠనమునకు సంబంధించిన ప్రత్యేకమైన చిక్కు.

2009 నాటి విద్యాహక్కు చట్టము బాలుర దండనమును నిషేధించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టపు 16వ సెక్షను, పాఠశాలలు ఇట్టి చిక్కును సత్వరము కనిపెట్టి తగు బోధన గావించునట్లు ప్రభుత్వములు పాటుపడవలెనని విధించినది. ఈ విధి కాగితములపైననే నిలువరాదని మా మనవి.

అయినను చట్టము బిడ్డచేయి పట్టి దిద్దింపజాలదు. దినదినము ఒకే వేళకు పావుగంట చదువు, పిదప విరామము. ఒకమారు ఒక్క పనియే. వీథిబడులలోవలె ఇసుకలో వ్రేలితో దిద్దుచు పైకి పలుకుట: ఇవి గుణింతములకును ఒత్తులకును తడబడు బిడ్డకు మిక్కిలి యుపకరించును. మార్కులను గాక యత్నమును మెచ్చుకొనవలెను. అలవాటు కుదిరిన బిడ్డకు ధైర్యము గలుగును. అవమానము పాలైన బిడ్డ బడి విడుచును. తలిదండ్రులును ఉపాధ్యాయులును ఆలోచింతురు గాక!