కొత్త పుంజు తెచ్చారా? నెల రోజులు ఆగండి

పైన వీడియోలో మీరు చూసింది, మా పెరట్లో కొత్త పుంజు మొదటిసారి పెట్టల మధ్య తిరగడం. కొట్లాట లేదు, రక్తం లేదు. ఒక ముసలి పెట్ట రెండు పోట్లు పొడిచింది, పుంజు పక్కకు తప్పుకుంది, అంతే. ఇంత చప్పగా ఉందేంటి అనిపించొచ్చు. ఆ చప్పదనం కోసమే మేం ముప్పై ఒక్క రోజులు కాచుకున్నాం.

మనలో చాలామంది చేసే పని వేరు. సంతలో మంచి డేగ పుంజో, నెమలి పుంజో కంటికి ఆనుతుంది. బేరం చేసి, కాళ్లు కట్టి బండి మీద తెస్తాం. తాడు విప్పి నేరుగా మందలో వదిలేస్తాం. నేనూ అదే చేశాను. తొమ్మిదో రోజుకి పుంజు ఆకుపచ్చగా పారుకోవడం మొదలైంది. తర్వాత పెట్టలు మెడలు తిప్పుకుంటూ పడిపోయాయి. కొక్కెర తెగులు. పదకొండు పెట్టల్లో నాలుగు మిగిలాయి. అమ్మినాయన్ని తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే. తొందర నాది.

అందుకే నా మాట ఒక్కటే. కొత్త పుంజు విషయంలో మనం పోగొట్టుకునేదంతా తొందర వల్లే.

మొదటి మూడు వారాలు పుంజుని మీ కోళ్లకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా ఉంచండి. కొక్కెర తెగులు సోకిన కోడిలో లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి పదిహేను రోజుల దాకా పట్టొచ్చు. సంతలో హుషారుగా కూసిందని జబ్బు లేదనుకోవద్దు. నీళ్ల గిన్నె, మేత గిన్నె వేరుగా పెట్టండి. ముందు మీ కోళ్ల పని చూసుకుని, ఆఖరున దాని దగ్గరికి వెళ్లండి. తిరిగొచ్చాక కాళ్లు చేతులు కడుక్కోండి. రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూసి, ఒళ్లు పొర్లడానికి బూడిద కలిపిన పొడిమట్టి పెట్టండి.

టీకాల గురించి మన ప్రకృతి వ్యవసాయదారుల్లో ఒక పట్టుదల ఉంది, మందులు ముట్టం అని. నా అభిప్రాయం వేరు. టీకా పురుగుమందు కాదు, ఎరువూ కాదు. వచ్చాక కొక్కెర తెగులుకి మందు లేదు, కషాయాలూ ఆపలేవు. పశువైద్యుణ్ని అడిగి మీ మందకి టీకా వేయించాకే పుంజు మాట ఆలోచించండి.

మూడు వారాలు గడిచాక, పది రోజులు చూపులు మాత్రమే. మంద తిరిగే చోటే మధ్యలో వల కట్టి పుంజుని అటు పక్క ఉంచండి. కోళ్లలో ఎవరు ముందు తినాలి, ఎవరు ఎవరిని పొడవొచ్చు అనే వరస ఉంటుంది. 1920ల్లో నార్వే శాస్త్రవేత్త షెల్డెరూప్-ఎబ్బే దీన్ని గమనించి రాశాడు గానీ, మన నాయనమ్మలకి అది ముందే తెలుసు. కొత్తది వస్తే ఆ వరస మొత్తం కదులుతుంది. వల అవతల నుంచే సగం తగాదా తీరిపోతే, లోపలికి వెళ్లాక మిగిలేది సగమే.

వదిలేది చీకటి పడ్డాక. కోళ్లకి రాత్రి చూపు ఆనదు. పెట్టలు పడుకున్న వెదురు బొంగు మీదే పుంజుని కూర్చోబెట్టండి. తెల్లారేసరికి మేత రెండు మూడు చోట్ల చల్లి ఉంచండి, నీళ్లూ అంతే. దాక్కోడానికి కంప, బోర్లించిన పాత గంప, ఒరిగించిన తడిక ఏదో ఒకటి ఉండాలి. పొడుచుకోవడం, తరుముకోవడం మామూలే, మధ్యలో దూరొద్దు. రక్తం కనబడినా, పుంజు మేతకి రాకుండా మూలకి నక్కినా వెంటనే వేరు చెయ్యండి. రక్తం చూస్తే మిగతా కోళ్లు కూడా అక్కడే పొడుస్తాయి.

వయసూ చూసుకోవాలి. మూడు నెలల పిల్లని పెట్టలే చితక్కొడతాయి. ఏడాది దాటిన బరువైన పుంజు చిన్న నాటు పెట్టల వీపులు చీరేస్తుంది. ఐదారు నెలల లేత పుంజు, పెట్టలకి సమానంగా ఉన్నది నయం. ముసలి పెట్టలు దానికి బుద్ధి చెప్తాయి, చెప్పనివ్వండి. పాత పుంజు ఉంటే దాన్ని తీసేశాకే కొత్తదాన్ని దించండి. ఒక పుంజుకి ఎనిమిది పది పెట్టలు ఉండాలి. పందెం జాతి అసీల్ పుంజులు రెండు ఒకే పెరట్లో అంటే, ఒకటి చచ్చేదాకా ఆగవు.

"ఇంత బాధ ఎందుకు, మన గూట్లో పుట్టిన పుంజునే ఉంచుకుంటే పోలా?" అంటారు. ఒక తరానికి పర్వాలేదు. అదే పుంజు తన తోబుట్టువులతో, ఆ పిల్లలు మళ్లీ వాటిలో అవే కలుస్తూ పోతే, పొదిగిన గుడ్లలో పిల్లలయ్యేవి తగ్గుతాయి, అయినవీ నీరసంగా ఉంటాయి. బయటి రక్తం కావాల్సిందే.

ఇంకో మాట కూడా వింటాను, "మా తాత నేరుగా వదిలేవాడు, ఏం కాలేదు" అని. తాతగారి కోళ్లు ఊరంతా తిరిగేవి. దెబ్బ తిన్నది వాములవైపు పారిపోయేది. మనం కుక్కల భయానికి, కూరమళ్ల కోసం చుట్టూ వల కట్టాం. పారిపోయే దారి మూసింది మనమే, కాబట్టి ఓపికా మనమే పట్టాలి. ఇక తెగులంటారా, తాతల కాలంలోనూ అది వస్తే ఊరి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. మనం ఆ కథ మర్చిపోయాం, అంతే.

చివరగా ఒక చిన్న లెక్క. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు మూడు వారాలు నిలుస్తుంది. కొత్త పుంజు కలిసిన మూడు వారాల తర్వాత పెట్టిన గుడ్లనే పొదగేయండి. ఈలోపు గుడ్లు వండుకు తినండి. నెల రోజులు ఆగినవాళ్లకి ఇంకో మూడు వారాలు ఒక లెక్కా?