చౌక కూలి ఎవరి చలవ?

ఉగాండాలో చట్టం చెప్పే కనీస వేతనం నెలకు 6,000 షిల్లింగులు. 1984లో పెట్టిన అంకె అది. ఇవాళ్టి మారకంలో రెండు డాలర్లు కూడా రావు. దీంట్లో ఇంకో విడ్డూరం ఉంది. 1987లో ఆ దేశం 100 పాత షిల్లింగులకు ఒక కొత్త షిల్లింగు చొప్పున నోట్లు మార్చింది. నిక్కచ్చిగా లెక్కగడితే ఆ ఆరు వేలు అరవై కావాలి. ఆరు వేలైనా అరవయ్యైనా దాంతో ఏ ఇల్లూ గడవదు కనుక ఆ తేడా పట్టించుకుని లాభం లేదు. 2019లో పార్లమెంటు రంగాలవారీగా కనీస వేతనాలు నిర్ణయించే బిల్లును ఆమోదిస్తే, అధ్యక్షుడు ముసెవెని సంతకం పెట్టలేదు. పెట్టుబడిదారులు బెదిరి పోతారన్నది ఆ పక్షం వాదన. పేద దేశానికి చౌక శ్రమే ఆస్తి అని, తోట కూలీకి ఎలాగూ సొంత చెలక ఉంటుంది కాబట్టి కూలి డబ్బులు పైఖర్చులకేనని దానికో తోక కూడా తగిలిస్తారు.

అసలు మతలబంతా ఆ తోకలోనే ఉంది. పశ్చిమాన టోరో ప్రాంతపు తేయాకు తోటల్లో ఆకు కోసేవాళ్లకు కాటా మీద తూగిన కిలోలను బట్టి డబ్బు. రెండాకులూ ఒక మొగ్గా చొప్పున గిల్లుతూ బుట్ట నింపాలి. వానలు వెనకపట్టిన నెలల్లో చిగురు తగ్గుతుంది, దాంతో పాటే రాబడీ తగ్గుతుంది, కానీ పోషో వండే మొక్కజొన్న పిండి ధర తగ్గదు. ఆ లోటు పూడ్చేది ఇంటి దగ్గరి మటోకె అరటి, చిక్కుడు, కర్రపెండలం. వాటిని పండించేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లు, పైసా కూలి లేకుండా. అంటే తోట యజమాని చెల్లించేది పనిగంటలకే. కూలీ బాల్యానికీ జబ్బుకీ ముసలితనానికీ అయ్యే ఖర్చును ఆ చెలక మోస్తుంది. కాబట్టి శ్రమ చౌక కాదు, దాని ఖరీదులో సగం ఖాతాలో రాయడం లేదంతే. ఆ తేయాకు మొంబాసా వేలంలో డాలర్లకు అమ్ముడవుతుంది. కూలీ ఇల్లే ఎగుమతిదారుకు సబ్సిడీ ఇస్తోందన్నమాట. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. కెన్యాలో ఆఫ్రికన్ల వేతనాలను పరిశీలించిన కార్పెంటర్ కమిటీ 1954లోనే, కూలిని ఒంటరి మగాడి అవసరాల లెక్కన కడుతున్నారని, కుటుంబం లెక్కన కట్టాలని చెప్పింది. వలస ప్రభుత్వం వేసిన కమిటీకే తట్టిన ఈ ముక్క స్వతంత్ర ప్రభుత్వానికి ఎందుకు రుచించదో!

ఎదుటివారి మాటల్లో బలమైనది చిన్న రైతు సంగతి. రెండెకరాల వాడు కలుపుకి పక్కింటివాణ్ణి పిలుచుకుంటాడు, వాడి మీద చట్టం రుద్దితే కలుపు చేలోనే ఉండిపోతుంది. నిజమే. అయితే ఆ మాట రంగాలవారీ వేతనాలను సమర్థిస్తుందే తప్ప వేతనమే వద్దనడానికి పనికిరాదు. కూలి పెరిగితే యంత్రాలొస్తాయన్న భయమూ ఉత్తది కాదు, 2023 మేలో కెన్యాలోని కెరిచోలో కార్మికులు ఆకు కోసే యంత్రాలను తగలబెట్టారు. కానీ యంత్రం ధర ఏటేటా దిగగలదు, మనిషి కూలి తిండి ఖర్చు కంటే దిగలేదు. ఆ పందెంలో మనిషిని పస్తు పెట్టి గెలిపిస్తామనడం ఏం ఆర్థికశాస్త్రం? పైగా ఆ సబ్సిడీ మూలమే తరిగిపోతోంది. ఉగాండాలోనే కిగెజి కొండల్లో తండ్రి పొలం కొడుకుల మధ్య చీలికలై, ఒక్కొక్కరికి కొండకొక మడి మిగిలింది. పెరటి అరటి భరించలేని రోజున ఆ ఖర్చు ఎవరి మీద వేస్తారు?

జీవన వేతనం లెక్క కట్టడం అసాధ్యమనేవాళ్లూ ఉన్నారు. పరిశోధకులైన ఆంకర్ దంపతులు రూపొందించిన పద్ధతి చాలా దేశాల్లో వాడుకలోనే ఉంది: కుటుంబానికి సరిపడా తిండి, ఓ మాదిరి ఇల్లు, వైద్యం, చదువు, ఆపద కోసం కొంత, మొత్తాన్ని ఆ ఇంట్లో సంపాదించేవాళ్ల సంఖ్యతో భాగిస్తారు. దేశమంతటా ఒక్కసారే అమలు చేయాలని ఎవరూ అనడం లేదు. ముందు పెద్ద తేయాకు, చెరకు, పూల తోటలతో మొదలుపెట్టవచ్చు. అక్కడ కాటా పుస్తకాలుంటాయి, హాజరు పట్టీలుంటాయి, తనిఖీకి వెళ్లిన అధికారికి చూడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది.