ఏ బీజాపూర్? కృత్రిమ మేధకు అప్పగించే పనిలో వివరణ విలువ

జగదల్‌పూర్ నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి గీదం దాటాక బీజాపూర్, భోపాలపట్నం మీదుగా సాగుతుంది. గీదంలోనే చీలే మరో దారి దంతేవాడ, బచేలి, కిరందుల్ వైపు వెళ్తుంది. ఆ కూడలిలో బీజాపూర్‌కు దారి అడిగితే, ఏ బీజాపూర్ అని ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. కంప్యూటరు విషయంలో మాత్రం ఆ ప్రశ్న తప్పదు. 2007లో దంతేవాడ నుంచి విడివడి జిల్లాగా ఏర్పడిన బీజాపూర్ ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. 2014లో విజయపురగా పేరు మారినా, పాత రికార్డుల్లో బీజాపూర్‌గానే మిగిలిన నగరం కర్ణాటకలో ఉంది.

ప్రోగ్రాములు రాసే పనిని కృత్రిమ మేధ ఏజెంట్లకు అప్పగించడం పెరుగుతున్న తరుణంలో ఈ తేడాకు ప్రాధాన్యం ఏర్పడింది. ఏజెంటు కేవలం జవాబు చెప్పి ఊరుకోదు. ఫైళ్లు తెరుస్తుంది, డేటాబేస్‌లో వెదుకుతుంది, రాసిన ప్రోగ్రాంను నడిపి చూసి తప్పులు దిద్దుతుంది. ఇందుకు దాని చేతికిచ్చే సాధనాలనే టూల్స్ అంటున్నారు. ప్రతి టూల్‌కు ఒక పేరు, దాని పనిని తెలిపే వివరణ, ఇవ్వవలసిన సమాచారపు పట్టిక ఉంటాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ టూల్‌ను ఏజెంటుకు పరిచయం చేసేవి ఇవే. టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంటుకు కనిపించదు. వివరణలోని నాలుగు వాక్యాలే దానికి ఆధారం.

ఉపకార వేతనాల కోసం ఒక ప్రోగ్రాం తయారవుతోందని అనుకుందాం. 'జిల్లా పేరు ఇస్తే విద్యార్థుల వివరాలు వస్తాయి' అని మాత్రమే టూల్ వివరణలో రాశారు. రాసినవారికి అది చాలు. తక్కినదంతా వారికి తెలుసు. ఏజెంటుకు తెలియదు. రాష్ట్రం పేరు ఇవ్వాలా? వాడుకలో దంతేవాడ అనే జిల్లా 2011 జనగణనలో దక్షిణ బస్తర్ దంతేవాడగా నమోదైంది. ఏ పేరు చెల్లుతుంది? గీదంను రోమన్ లిపిలో ఒకచోట ఒక 'ఐ'తో, మరొకచోట రెండు 'ఈ'లతో రాస్తారు, రెండూ ఒకటేనా? 05-09-2015 అంటే మన లెక్కలో సెప్టెంబరు 5, అమెరికా లెక్కలో మే 9, దేన్ని తీసుకోవాలి?

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఖాళీ జవాబు. పేరు సరిపోలక ఏమీ దొరకకపోతే, అక్కడ విద్యార్థులే లేరని ఏజెంటు భావించి, ఆ భావనపైనే మిగిలిన ప్రోగ్రాంను నిర్మించవచ్చు. నడిచే ప్రోగ్రాంలో దాగిన ఇటువంటి తప్పు తేలికగా బయటపడదు. అర్హత ఉండీ జాబితాలో పేరు లేని విద్యార్థి దాని భారం మోస్తాడు.

అదే వివరణను ఇలా రాయవచ్చు: 'ఛత్తీస్‌గఢ్ జిల్లాల విద్యార్థుల వివరాలను చదవడానికి మాత్రమే ఈ టూల్. మార్పులకు వాడరాదు. జిల్లా పేరు కాదు, జిల్లా కోడ్ ఇవ్వాలి. తేదీలో మొదట సంవత్సరం, తరువాత నెల, రోజు ఉండాలి. జవాబు ఖాళీగా వస్తే విద్యార్థులు లేరని భావించకుండా కోడ్‌ను మళ్లీ సరిచూడాలి.' ఆ కోడ్ కొత్తగా సృష్టించనక్కరలేదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి జిల్లాకు, గ్రామానికి కోడ్ ఇస్తోంది.

వివరణ పొడవు పెంచినంత మాత్రాన స్పష్టత రాదు. ఒకే పనికి దగ్గర పోలికలున్న రెండు టూల్స్ ఉంటే, ఏది ఎప్పుడు వాడాలో చెప్పే ఒక్క వాక్యం పేజీడు పొగడ్తకంటే మేలు. తొలగించే, మార్చే టూల్స్ విషయంలో ఆ పనిని వెనక్కి తీసుకోగలమా లేదా అన్నది మొదటే చెప్పాలి. ఎంత చక్కగా రాసినా, మనిషి అనుమతి, పరిమిత అధికారం వంటి రక్షణలకు వివరణ ప్రత్యామ్నాయం కాదు.

గోండీ, హల్బీ, హిందీ, దక్షిణాన తెలుగు వినిపించే బస్తర్‌లో ఒకే ఊరిని పలు విధాలుగా పలుకుతారు. ఆ తేడాలు దూరనగరంలో కోడ్ రాసేవారి ఊహకు అందవు. స్థానిక ఉపాధ్యాయుడికి, పంచాయతీ కార్యదర్శికి అవి నిత్యానుభవం. కనుక టూల్ వివరణను ప్రోగ్రామరు రాసినా, ఆ సమాచారం తెలిసిన మనిషి ఒకసారి చదివి సరిచూడడం అవసరం. గీదం కూడలిలో దారి చెప్పగలిగినవారికి ఏ బీజాపూరో తెలుసు. ఆ తెలిసిన సంగతి వివరణలోకి చేరితేనే యంత్రానికీ దారి తెలుస్తుంది.